కుడి వీపు ముక్క

షాపులో ఎక్కడో ఎలుక చచ్చిందని మా ఆయన నాలుగు రోజులు వెతికాడు. బట్టల బీరువా జరిపాడు. కటింగ్ బల్ల కింద టార్చి వేసి చూశాడు. రెండు కుట్టుమిషన్లనూ గోడ దగ్గర్నుంచి ఇవతలికి లాగి వెనకంతా ఊడ్చాడు. ఎలుక దొరకలేదు. వాసన మాత్రం ఆయన ఎటు వెళితే అటే వస్తోంది. ఐదో రోజు పొద్దున ఆయన బల్ల మీదికి వంగి ప్యాంటు గుడ్డ కత్తిరిస్తున్నాడు. నేను పక్కనే స్టూలు మీద కూర్చుని కాజాలు కుడుతున్నాను. తల ఎత్తేసరికి ఆయన చొక్కా వీపు మీద, కుడి పక్క, కోటు గుండీ అంత తడి మరక కనబడింది.

"ఎలుక దొరికిందండీ," అన్నాను.

"ఎక్కడ?"

"మీ చొక్కాలో."

ఆయన కత్తెర బల్ల మీద పెట్టి, చెయ్యి వెనక్కి తిప్పి తడుముకుని, వేళ్లు వాసన చూసుకున్నాడు. ఆ తర్వాత నా వైపు చూడలేదు.

ఆ గడ్డకు మా ఇంట్లో పేరు చుట్టం. పేరు పెట్టింది నేనే. మా పెళ్లయిన నాలుగేళ్లకు కుడి భుజం ఎముక పక్కన బఠాణీ గింజంత లేచింది. "రెండ్రోజుల్లో పోతుందిలే," అన్నాడు. చుట్టపుచూపుగా వచ్చింది పద్దెనిమిదేళ్లు తిష్ట వేసింది. మొదట్లో గింజ, తర్వాత నిమ్మకాయ, ఆ తర్వాత దేనితో పోల్చాలో తెలియక పోల్చడం మానేశాం. ఆయన వెల్లకిలా పడుకుని ఎన్నేళ్లయిందో నాకే గుర్తు లేదు. డాక్టరు దగ్గరికి పదండి అని నేను చెవిలో ఇల్లు కట్టుకుని పోరాను. "నొప్పి లేదు, గిప్పి లేదు, దాని మానాన అది ఉంది, నీకేం అడ్డం?" అనేవాడు. అలా అన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండేది. ఒళ్లు మండితే నేను ఎగతాళి చేస్తాను. "మీ చుట్టం లేచాడా? మీ చుట్టానికి కూడా ఒక దిండు వెయ్యనా?" అని నలుగురిలోనూ అనేదాన్ని. ఆయన నవ్వేవాడు. నవ్వుతున్నాడు కదా అని నేను ఆపలేదు.

బయటివాళ్లకు మాత్రం అది పెద్దగా కనబడేది కాదు. మా ఆయన కటింగు అలాంటిది. మా ఇంటి ముందు గదే షాపు, వెనక రెండు గదులు మావి. వీధి వీధంతా ఆయన్ని మాస్టరు అనే పిలుస్తారు. కొలతకు వచ్చిన ప్రతివాడూ అద్దం ముందు నిలబడి "నా భుజం ఒకటి కిందికి ఉందా మాస్టారూ?" అని బెంగపడతాడు. "రెండు భుజాలూ సమంగా ఉన్న మనిషిని నేనింతవరకు చూడలేదండీ, నిటారుగా నిలబడండి," అంటాడు మా ఆయన. టేపు వేసి అంకెలు పైకి చదువుతాడు, నేను పుస్తకంలో రాసుకుంటాను. ఆ పుస్తకాల్లో వీధిలో సగం మంది నడుములు ఉన్నాయి. ఆయన కొలత మాత్రం ఎక్కడా లేదు. పుస్తకంలో రాస్తే ఎవరైనా చదువుతారు కదా.

తన చొక్కాలు ఆయన తనే కుట్టుకుంటాడు, కాజాలతో సహా. ఏడాదికొకసారి నాలుగు చొక్కాలు. చొక్కా వీపును మామూలుగా గుడ్డ మధ్యకు మడిచి ఒకేసారి కోస్తారు, విప్పితే రెండు పక్కలూ ఒకేలా ఉంటాయి. ఆయనకు అలా కుదరదు. అందుకని కుడి సగం వేరు, ఎడమ సగం వేరు, మధ్యలో నిలువు కుట్టు. కుడి సగానికి ఏటా కొత్తగా బ్రౌన్ పేపరు మీద కటింగు గీస్తాడు, మూలన ఆ సంవత్సరం వేస్తాడు, తలుపు వెనక మేకుకు తగిలిస్తాడు. పాత చొక్కాను ఆదిగా పెట్టుకుని, ఎక్కడ పట్టేస్తోందో అక్కడ పెంచుకుంటూ పోవడమే, ఒంటి మీద టేపు వేసుకోడు. ఎడమ సగానికి మొదటి ఏడాది కోసిన అట్టే ఇన్నేళ్లూ పనికొచ్చింది. అది వేరే మేకుకు ఉంటుంది.

ఆ మరక చూసిన పూటే షాపు మూయించి ఆసుపత్రికి లాక్కెళ్లాను. దారిలో ఆయన ముఖం మాడ్చుకుని నడిచాడు. నేను రెండు అడుగులు వెనక, దొంగను పట్టుకెళ్లే పోలీసులా నడిచాను.

సర్జన్ గదిలో ఒక బల్ల, ఒక మంచం, గోడకు స్కాన్లు చూసే లైటు ఉన్నాయి. డాక్టరమ్మకు నా వయసే ఉంటుంది. పొట్టి మనిషి, తక్కువ మాటలు. చొక్కా విప్పించి, కిటికీ వైపు వీపు పెట్టి కూర్చోమంది. కాసేపు చెయ్యి వెయ్యకుండా ఊరికే చూసింది. తర్వాత గడ్డను రెండు చేతులతో పట్టుకుని పక్కలకు కదిపింది, పైన చర్మాన్ని చిటికెతో లాగి చూసింది, భుజం బిగించమని మళ్లీ కదిపింది. చివరకు టేపు వేసింది. టేపు తగలగానే మా ఆయన భుజాలు ముడుచుకున్నాడు.

"ఎన్నాళ్లయింది?"

"రెండేళ్లు ఉంటుందండి," అన్నాడు ఆయన.

"పద్దెనిమిది," అన్నాను నేను.

"మీ ఇద్దరిలో ఎవరిని నమ్మమంటారు?"

"షాపులో లెక్కలు రాసేది నేనండి. నన్నే నమ్మండి."

డాక్టరమ్మ నన్ను దగ్గరికి పిలిచి గడ్డ మధ్యలో నల్లటి చుక్క చూపించింది. అక్కడినుంచే తడి వస్తోంది. "చర్మం ఒకచోట లోపలికి మడతపడి సంచిలా తయారవుతుంది. బయటికి రాలాల్సిన పొట్టు ఆ సంచిలోపల రాలుతూ పేరుకుంటుంది. సిస్టు అంటాం. వాసన దానిదే. లోపల కండకు అతుక్కోలేదు, చేత్తో కదులుతోంది, అది మంచి గుర్తు. కానీ ఇది అడ్డంగా పదిహేను సెంటీమీటర్లుంది. ఇంత పెద్దవి నా చేతికి వచ్చినవి రెండో మూడో."

ఆయన అడగడని తెలిసి నేనే అడిగేశాను. "క్యాన్సరాండీ?"

"ఇలాంటివి మామూలుగా కాదు. ఎప్పుడో ఒకటీ అరా అలా మారుతుంది. అందుకే అడుగుతున్నా. నెమ్మదిగా పెరుగుతూ వచ్చిందా, ఈ మధ్య ఒక్కసారిగా పెరిగిందా?"

"నెమ్మదిగానేనండి," అన్నాడు ఆయన, నేల చూస్తూ. రెండేళ్లు అని చెప్పిన నోటితో చెప్పిన మాట అది. డాక్టరమ్మ రాసుకోలేదు.

ముందు ఎరుపు తగ్గాలని పది రోజులకు మందులు రాసింది. అల్ట్రాసౌండ్ స్కాను తీయించింది. నెమ్మదిగా పెరిగినదైతే సంచిని సంచిగా తీసేయొచ్చు, ఒక గంట పని. ఈ మధ్య తొందరగా పెరిగినదైతే మాత్రం సంగతి వేరు. ముందు ముక్క పరీక్ష, తర్వాత చుట్టూ బాగున్న కండ కూడా కలిపి కోయాలి. ఆ కండ కుడి చేతిని నడిపించేది. ఆయన తన కుడి చెయ్యి వైపు చూసుకున్నాడు. ఇరవై ఆరేళ్లుగా కత్తెర పట్టిన చెయ్యి అది. బొటనవేలి మొదట్లో కాయ కాసి ఉంటుంది. అక్కడ ఏడవడం ఇష్టం లేక మందుల చీటీ చదువుతున్నట్టు నటించాను.

ఇంటికొచ్చాక తలుపు వెనక మేకు గుర్తొచ్చింది. పద్దెనిమిదేళ్ల పెరుగుదల, ఏడాది ఏడాదికీ, ఆయన చేత్తోనే గీసి ఉంది. డాక్టరమ్మకు ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? మర్నాడు ఆయన స్నానానికి వెళ్లినప్పుడు ఆ కట్ట తీసి సంచీలో వేసుకుని, గుండీలు తెస్తానని చెప్పి ఆసుపత్రికి వెళ్లాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

డాక్టరమ్మ తన బల్ల మీది ఫైళ్లు తీసేసి చోటిచ్చింది. కాగితాలు ఏళ్ల వరసన పరిచాం. ఇద్దరం ఆడవాళ్లం టేపు పట్టుకుని, మెడ కింద నాలుగంగుళాల దగ్గర ప్రతి కాగితాన్నీ అడ్డంగా కొలిచాం. నేను చదివాను, ఆమె రాసింది. మొదటి ఏడాది తొమ్మిదింపావు. తర్వాత తొమ్మిదిన్నర. కొన్నేళ్లు పావు చొప్పున, కొన్నేళ్లు అంతకూడా లేదు. పోయినేడుకు పన్నెండు. డాక్టరమ్మ తల ఊపుతూ రాసుకుంటోంది. చివరి కాగితం ఈ ఏడాదిది.

పద్నాలుగు.

తప్పు కొలిచానేమోనని మళ్లీ టేపు వేశాను. పద్నాలుగే. పదిహేడేళ్లకు మూడంగుళాలు కూడా పెరగనిది ఒక్క ఏడాదిలో రెండంగుళాలు పెరిగింది. ఈ ఏడు ఆయన చొక్కాలు వదులుగా ఉన్నాయని నేనూ గమనించాను. "ఇదేం కుట్టండీ, గాలి ఎక్కువైంది?" అని అడిగితే "ఇప్పుడు ఇదే ఫ్యాషన్," అన్నాడు. నమ్మాను.

డాక్టరమ్మ పెన్ను మూత పెట్టింది. "మంచి పని చేశారు తెచ్చి," అంది, కానీ ఆమె గొంతు మారింది. "ఎమ్మారై తీద్దాం. మందులు అయ్యాక ముక్క పరీక్ష చేద్దాం. నేను క్యాన్సర్ సర్జన్‌తో కూడా మాట్లాడి ఉంచుతాను. అప్పుడే భయపడకండి."

భయపడకండి అంటే ఎలా? ఇంటికి ఎలా నడిచి వచ్చానో తెలియదు. కాగితాల కట్ట ఆమె బల్ల మీదే వదిలేశాను, గుండీలు కొనడం కూడా మరిచిపోయాను. ఆ తర్వాత వారం రోజులు నేను ఆయన్ని ఒక్క ఎగతాళి మాట అనలేదు. చుట్టం పేరే ఎత్తలేదు. అడక్కుండానే టీ ఇచ్చాను. ఆయన పడుకుంటే ఆ వీపును చూస్తూ కూర్చున్నాను. ఈ మనిషి లేకపోతే ఈ గదిలో నేనేం చేస్తాను, ఎవరి కొలతలు రాస్తాను అనుకునేదాన్ని. మా ఆడపడుచు, అంటే ఆయన చెల్లెలు, రెండు వీధుల అవతల ఉంటుంది. ఆమెకు ఒక్కదానికే చెప్పాను. "అన్నయ్యకు చెప్పెయ్ వదినా, దాచకు," అంది. నోరు రాలేదు.

మందులు ఇంకా రెండు రోజులు ఉన్నాయనగా ఆయన తలుపు వెనక మేకు చూసుకున్నాడు.

"నా కటింగులు ఎవరు తీశారు?"

ఆయన గొంతు పెంచగా నేను వినడం చాలా తక్కువ. గుమ్మంలో ఎవరో ప్యాంటు కుదింపుకు వచ్చి నిలబడితే "రేపు రండి," అని తలుపు వేసేశాడు.

"నేనే తీశాను. డాక్టరమ్మకు చూపించాను."

"నన్నడక్కుండానా? నా ఒళ్లు తీసుకెళ్లి ఆ బల్ల మీద పరిచావా?"

"అడిగితే ఇస్తారా మీరు? రెండేళ్లని అబద్ధం చెప్పారు!" నాకూ కట్ట తెగింది. ఏడుస్తూనే అరిచాను. "ఏడాదిలో రెండంగుళాలు పెరిగిందటండీ! అది మామూలు గడ్డ కాకపోవచ్చట. కండ కొయ్యాలట, చెయ్యి ఏమవుతుందో తెలీదట. వారం నుంచీ నేను చస్తున్నాను ఇక్కడ!"

ఆయన కదలకుండా నిలబడ్డాడు. "రెండంగుళాలా? ఎవరన్నారు?"

"మీ కాగితమే అంది. పోయినేడు పన్నెండు, ఈ ఏడు పద్నాలుగు."

"ఎడమ ముక్క కొలిచావా?"

"ఎడమది ఎందుకు? ఎడమది మారదు కదా!"

ఆయన రెండో మేకు దగ్గరికి వెళ్లాడు. పాత అట్ట తీసి బల్ల మీద పెట్టాడు. దాని వెనక నుంచి కొత్త కాగితం ఒకటి తీసి పక్కన పెట్టాడు. మూలన ఈ ఏడే వేసి ఉంది. ఎడమ సగానికి కొత్త కటింగు గీశాడని నాకు తెలియనే తెలియదు. టేపు నా వైపు తోశాడు. కొలిచాను. పాతది తొమ్మిది. కొత్తది పది ముప్పావు.

ఎడమ పక్క గడ్డ లేదు, గిడ్డ లేదు. మరి ఒకటి ముప్పావు అంగుళాలు ఎందుకు పెరిగినట్టు?

ఆయన కటింగ్ బల్ల సొరుగు తీసి, అడుగున ఉన్న ఒక బనీను తీశాడు. చేతుల్లేని బనీను. ఎడమ భుజం వెనక లోపలి వైపు దూది పెట్టి, గుండ్రంగా, చుట్టూ సన్నని కుట్టు వేసి ఉంది. ఎంత బాగా కుట్టాడో. ఇంట్లోంచి షాపులోకి రాగానే ట్రయల్ గదిలో వేసుకునేవాడట, షాపు మూయగానే తీసేసేవాడట.

"ఒక పక్కే ఎత్తుగా ఉంటే గడ్డ అంటారు. రెండు పక్కలా ఉంటే లావు మనిషి అనుకుంటారు," అన్నాడు. "దూది పట్టాలని ఎడమ సగం పెంచాను, రెండు పక్కలూ ఒకేలా వదులుగా కనబడాలని కుడి సగం కూడా అంతే పెంచాను. రెంటికీ మధ్య తేడా చూడు. పోయినేడు మూడు, ఈ ఏడు మూడుంపావు. చుట్టం పెరిగింది పావంగుళమే."

నేను కొలిచిన లెక్క నాకే అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక టేపు బల్ల మీద పెట్టేశాను. ఒక పక్క బతికిపోయాం అనిపించింది. ఇంకో పక్క ఆ బనీను వంక చూడలేకపోయాను.

"ఇన్నేళ్లు లేనిది ఈ ఏడే ఎందుకండీ ఇది?"

ఆయన సొరుగు మూశాడు. "చెల్లి కొత్తింట్లో దిగిన రోజు ఫొటో తీశారు కదా. నేను అటు తిరిగి ఉన్నాను. ఫొటో చూసి నువ్వేమన్నావో గుర్తుందా?"

గుర్తుంది. "మా ఆయన పిలవని చుట్టాన్ని కూడా వీపు మీద వేసుకుని వచ్చాడు చూడండి," అన్నాను. గదిలో ఇరవై మంది ఉన్నారు. అందరూ విరగబడి నవ్వారు. ఆయనా నవ్వాడు.

"మీరూ నవ్వారుగా," అన్నాను.

"మరేం చెయ్యమంటావు, ఏడవమంటావా?"

పద్దెనిమిదేళ్లు నోటికొచ్చింది అన్నదాన్ని నేను. తప్పయిపోయింది అన్నాను. ఆయన తలుపు తీసి, ప్యాంటు కుదింపు మనిషి ఇంకా వీధి చివరే ఉంటే కేక వేసి పిలిచాడు.

మర్నాడు ఎడమ ముక్కలు రెండూ, ఆ బనీనూ పట్టుకుని ఇద్దరం వెళ్లాం. డాక్టరమ్మ బనీనును తిరగేసి మరగేసి చూసింది. "ఈ కుట్టు మీరు వేసిందేనా? మా థియేటర్‌లో చేరండి," అంది. ఆమె నవ్వడం అదే మొదటిసారి చూశాను. అయినా ఎమ్మారై మానలేదు. "కాగితం మాట విన్నాం, ఒంటి మాట కూడా వినాలి," అంది. స్కానులో సంచి అంచు గీత గీసినట్టు ఉంది, కింద కండ కండలాగే ఉంది. ముక్క పరీక్ష అక్కర్లేదు, మొత్తం తీసి దాన్నే పరీక్షకు పంపుదాం అంది.

ఆపరేషన్ రోజు నేనూ మా ఆడపడుచూ బయట బల్ల మీద కూర్చున్నాం. పూర్తి మత్తు ఇచ్చి బోర్లా పడుకోబెడతారని చెప్పారు. నల్లచుక్కను మధ్యలో ఉంచి ఆకు ఆకారంలో చర్మం కోసి, సంచి చిరగకుండా చుట్టూ విడదీసుకుంటూ వెళ్లాలట. చిరిగితే లోపలిది ఒలుకుతుంది, సంచి ముక్క ఏ కాస్త మిగిలినా మళ్లీ పెరుగుతుంది. గంట అన్నది గంటా ముప్పావు అయింది. మా ఆడపడుచు నా చెయ్యి పట్టుకుని ఆ సేపంతా వదల్లేదు.

డాక్టరమ్మ తనే బయటికి వచ్చింది, చేతిలో స్టీలు పళ్లెం. "పగలకుండా వచ్చింది. చూస్తారా?"

చూశాను. తెల్లగా, నున్నగా, ఒక వైపు కాస్త నొక్కుకుపోయి ఉంది. ముప్పావు కిలోకు కొంచెం తక్కువ అంది నర్సు. పద్దెనిమిదేళ్లు మా మధ్య పడుకున్నది ఇదా అనుకున్నాను. తిడదామని నోరు తెరిచి, మానుకున్నాను. దాన్ని అని అని ఎవరికి తగిలిందో తెలిసింది కదా.

రిపోర్టు రావడానికి ఎనిమిది రోజులు పట్టింది. ఆ ఎనిమిది రోజులూ కట్టు మార్చడం, గాయంలో పెట్టిన గొట్టంలోంచి వచ్చే నీరు కొలిచి రాయడం నా పని. డాక్టరమ్మ కాగితం రెండుసార్లు చదివి మా వైపు తిప్పింది. "మామూలు సిస్టే. ఎక్కడా చెడు లేదు. ఇక మీ ఇష్టమొచ్చినట్టు పడుకోండి." మా ఆయన లేచి నిలబడి ఆమెకు నమస్కారం పెట్టాడు. ఏదో అనబోయి, "మీ కోటు భుజాలు జారుతున్నాయండీ, పంపించండి, సరిచేసి ఇస్తాను," అన్నాడు. ఆయనకు కృతజ్ఞత చెప్పడం అలాగే వచ్చు.

కుట్లు విప్పిన మర్నాడు ఆయన పాత చొక్కా వేసుకున్నాడు. వీపు మీద కుడి పక్క గుడ్డ ఖాళీ సంచిలా వేలాడింది. అద్దం ముందు అటూ ఇటూ తిరిగి, విప్పేసి బల్ల మీద పడేశాడు. కొత్త గుడ్డ తీశాడు, సుద్ద తీశాడు, అక్కడ ఆగిపోయాడు. ఆదిగా పెట్టుకోవడానికి ఒక్క చొక్కా లేదు. పద్దెనిమిదేళ్ల కుడి కాగితాల్లో ఒక్కటీ పనికిరాదు. ఎడమ అట్ట ఉంది కానీ, కోసి కుట్టిన కుడి పక్కకు అది సరిపోతుందో లేదో తెలియదు.

నేను కాజా కుడుతూ చూస్తున్నాను. ఈసారి నోరు తెరవలేదు.

చాలాసేపయ్యాక మెడలోంచి టేపు తీసి నాకిచ్చాడు. వెనక్కి తిరిగి, చొక్కా లేకుండా, నిటారుగా నిలబడ్డాడు.

"కొలువు," అన్నాడు.

కుట్టు గీత భుజం ఎముక పక్కన జానెడు పొడవున ఎర్రగా ఉంది. టేపు పెట్టేముందు ఒకసారి అరచెయ్యి పెట్టాను. చర్మం వెచ్చగా, చదునుగా ఉంది. ఆయన ముడుచుకోలేదు.

"ఎడమ ఎంత?"

"ఎనిమిదిన్నర."

"కుడి?"

కుట్టు చర్మాన్ని కాస్త లాక్కుంది. మళ్లీ చూసి చెప్పాను. "ఎనిమిదింపావు. పావంగుళం తేడా ఉందండీ."

వెనక నుంచి ఆయన ముఖం నాకు కనబడదు.

"రెండు భుజాలూ సమంగా ఉన్న మనిషిని నేనింతవరకు చూడలేదండీ," అన్నాను. "నిటారుగా నిలబడండి."

భుజాలు కదిలాయి. నవ్వాడు. ఇది నేను ఎరిగిన నవ్వు కాదు. ఆ తర్వాత బల్ల దగ్గరికి వెళ్లి, గుడ్డను మధ్యకు మడిచి, రెండు సగాలూ కలిపి ఒకేసారి కోశాడు. నేను పుస్తకం తీసి ఆయన పేరు రాసి, కింద కొలతలు వేశాను.